కారు ఇంజిన్ పడవకు బిగించేందుకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

రాజోలు ప్రాంతపు పాఠకుడొకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన లంకల నుంచి కొబ్బరికాయలు, కూరగాయలు మరపడవపై రేవుకు చేరవేస్తారు. పాత ఇంజిన్ నిండు బరువుతో ఎదురు ప్రవాహంలో లాగలేకపోతున్నందున, ఓ పాత కారు డీజిల్ ఇంజిన్ కొని, మార్పులు చేయించి వరదలకు ముందే బిగించాలనుకుంటున్నారు. మెకానిక్ లక్షా యాభై వేలు చెప్పి, అయిదు వేలు అడ్వాన్సు తీసుకున్నారు. బ్యాంకులో ఉన్న ఎనభై వేలు పోగా మిగిలిన డెబ్భై వేలకు ఓ కొబ్బరి వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీపై నోటు రాయించుకుంటానన్నారు. డీజిలు పోను నెలకు ముప్పై వేలు మిగులుతుంది, ఇంటి ఖర్చు పద్దెనిమిది వేలు, వరద నెలల్లో రాబడి ఉండదు.

ఈ అప్పు చేయవద్దు. మీ ఉత్తరానికి ఇక్కడ సమాధానం రాయడానికి కారణం, పనిముట్టు కొనే తొందరలో ఇంటి అత్యవసర నిధిని ఊడ్చి పెట్టుబడిగా పెట్టే పొరపాటు డెల్టాలో పడవలవారు, ఆటోలవారు, చెరువుల రైతులు అందరూ చేస్తూ ఉండడమే. మీ ఎనభై వేలు మిగులు డబ్బు కాదు. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల ఇంటి ఖర్చే యాభై నాలుగు వేలు. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఉద్ధృతిలో పడవ రేవులోనే ఉంటుంది. 2022 జులై వరద మీరు చూసినదే. అటువంటప్పుడు కూడా నోటు మీద నెలకు రెండు వేల నూరు రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి నూటికి ముప్పై ఆరు రూపాయలు పడే అప్పును వ్యాపార పెట్టుబడి అనడం నాకు సమ్మతం కాదు. పైగా అప్పిచ్చినవారే మీకు కిరాయి ఇచ్చే వ్యాపారి అయినప్పుడు, రేపు కిరాయి తగ్గించమంటే కాదనే బలం మీకుండదు.

మెకానిక్ లెక్కలో మరో లోటు కూడా ఉంది. మీరు పంపిన జాబితాలో ఇంజిన్, రివర్స్ గేరు, షాఫ్టు, బిగింపు కూలీ ఉన్నాయి గానీ చల్లబరిచే ఏర్పాటు లేదు. రోడ్డు మీద రేడియేటరుకు తగిలే ఎదురుగాలి పడవ ఇంజిన్ గదిలో ఉండదు కాబట్టి నది నీటితో చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజరు, దానికి పంపు, వేడెక్కే పొగగొట్టానికి రక్షణ కావాలి. ఆటుపోట్లకు ఉప్పునీరు ఎగదన్నే పాయల్లో ఆ నీటిని నేరుగా ఇంజిన్‌లోకి పంపితే లోపలి భాగాలు తుప్పు పడతాయి. కారులో ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేసేది అప్పుడప్పుడే, పడవలో గంటల తరబడి బరువు లాగాలి. అందువల్ల మొదటి ఏడాది మరమ్మతులు తప్పవనే అనుకుని డబ్బు ఉంచుకోవాలి. అది లేకపోతే రెండో నోటు రాయవలసి వస్తుంది.

నా సలహా ఇది. ఈ వరదలు దాటేవరకు ఎనభై వేలనూ ఇంటి ఖర్చుకు తప్ప కదిలించకండి. అక్టోబరు నుంచి మే వరకు నెలకు పన్నెండు వేలు పక్కన పెడితే, వరదల తర్వాత మిగిలే ఇరవై ఆరు వేలతో కలిపి లక్షా ఇరవై రెండు వేలవుతుంది. అందులో ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే లక్షా ఎనిమిది వేలు, ఏ ఇంజిన్ కోసమూ ముట్టకూడదు. ఇంజిన్ పొదుపు ఆపైన మొదలవుతుంది. అంతవరకు పాత ఇంజిన్‌కు రింగులు, నాజిళ్లు మార్పించి, బరువు తగ్గించి నడపండి. అప్పటికీ కొంత తక్కువైతే బ్యాంకులో బంగారు రుణం చాలు. ఇంజిన్ మార్చినప్పుడు పడవ సర్వే (తనిఖీ), రిజిస్ట్రేషన్ కాగితాలు సరిచేయించి బీమా సంస్థకు తెలపండి, లేకుంటే క్లెయిం చిక్కుల్లో పడుతుంది.

మెకానిక్‌కు ఇచ్చిన అయిదు వేలు తిరిగి అడగండి. ఆయన ఇవ్వకపోయినా, ఆ అయిదు వేలు పోతాయని డెబ్భై వేలకు నోటు రాయకండి.