మియెష్కో చెల్లెలికి ఏ పేరు?

ప్రశ్న: మా అమ్మాయి పోలండ్‌లో క్రాకోలో ఉంటుంది, అల్లుడిది ఆ దేశమే. మనవడు మియెష్కో. ఇప్పుడు పుట్టబోయేది ఆడపిల్లట. అక్కడ ఎక్కడ చూసినా ఉండే జోఫియా, జుజన్నా వద్దని అల్లుడు దోబ్రావా, మలీనా, యాగ్నా అనుకుంటున్నాడు. మా అత్తగారి పేరు కామాక్షి కూడా కలపాలని మా ఆశ. ఏం పెట్టమంటారు?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: దోబ్రావా వద్దండీ. పోలండ్ తొలి పాలకుడు మియెష్కో 965లో పెళ్లాడిన చెక్ రాకుమారి పేరది. బడిలో చరిత్ర చదివిన ప్రతివాళ్లకూ ఆ జంట తెలుసు. మొగుడూ పెళ్లాల పేర్లు అన్నాచెల్లెళ్లకు పెట్టినట్టవుతుంది.

మలీనా అంటే అక్కడ రాస్ప్‌బెర్రీ పండు, ముద్దుగానే ఉంటుంది. కానీ మన చెవికి ‘మలినం’ తగులుతుంది. సెలవులకు కావలి వచ్చే పిల్లకు ఆ బాధ ఎందుకు? యాగ్నా పాతకాలపు పేరు, మియెష్కో పక్కన చక్కగా నప్పుతుంది. చిక్కల్లా స్పెల్లింగుతోనే. పోలిష్‌లో జె అక్షరాన్ని ‘య’ అని పలుకుతారు, మనవాళ్లు కాగితం చూసి ‘జాగ్నా’ అంటారు.

మా ఓటు కలీనాకి. ఎర్రటి కాయలు గుత్తులుగా కాసే ఒక పొద పేరది. అచ్చమైన స్లావిక్ (పోలిష్, చెక్ లాంటి భాషల కుటుంబం) మాట కాబట్టి అన్న పేరుకి జోడీ కుదురుతుంది, మొదటి అక్షరం వేరు, రెండు దేశాల్లోనూ ఒకేలా చదువుతారు. చుక్కలూ తోకలూ ఉన్న పోలిష్ అక్షరం ఒక్కటీ లేదు. అలాంటివి ఉంటే మన కాగితాల్లో మామూలు అక్షరాలుగా మారి, రెండు చోట్లా రెండు స్పెల్లింగులవుతాయి. ఇంకా అరుదుగా కావాలంటే బోగ్నా చూడండి.

అక్కడ రెండు పేర్ల వరకే రాస్తారు. కలీనా కామాక్షి అంటే సరిపోయింది. జొన్నవాడ అమ్మవారి పేరైన కామాక్షిని రెండోదిగానే ఉంచండి. పోలిష్‌లో ఆడపేర్లు దాదాపు అన్నీ ‘ఆ’తో ముగుస్తాయి, వాక్యంలో ఆ చివరే విభక్తిని బట్టి మారుతుంది. ‘ఇ’తో ముగిసే పేరుని రోజూ పిలవడం వాళ్లకు ఎబ్బెట్టు. కామాక్షి స్పెల్లింగు మీ ఇంటి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే రాయించండి.

ఆసుపత్రి జనన పత్రం ఇచ్చిన 21 రోజుల్లోపు రిజిస్ట్రారు ఆఫీసులో పేరు చెప్పాలి. బారసాల 21వ రోజున పెట్టుకున్నా, పేరు ముందే తేల్చుకోండి. తల్లిదండ్రులు చెప్పకపోతే వాడుకలో ఉన్న పేరేదో రిజిస్ట్రారే రాసేస్తారు. నమోదయ్యాక మనసు మారితే ఆరు నెలల్లోపు మార్చుకోవచ్చు. ముద్దుపేరు మాత్రం రాయరు.

ఇంకొకటి. అల్లుడి ఇంటిపేరు ‘స్కీ’తో ముగిసేదైతే పాప ఇంటిపేరు ‘స్కా’ అవుతుంది. ఓసీఐ కార్డుకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) పెట్టేటప్పుడు దాన్ని తప్పనుకుని దిద్దకండి, రిజిస్ట్రారు ఇచ్చిన జనన పత్రంలో ఉన్నట్టే నింపండి.