హరిశ్చంద్ర నాటకానికి నేను పోయేది నక్షత్రకుడి కోసం

ఒకే పద్య నాటకాన్ని మళ్లీ మళ్లీ చూసేవాళ్లు ఇంకా ఉన్నారా, ఉంటే ఏ పాత్ర కోసం చూస్తారు అని అడిగారు. ఉన్నామండీ. మాది నకిరేకల్ దగ్గర పల్లె. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం చుట్టుపక్కల ఎక్కడ వేస్తున్నారని తెలిసినా, రాత్రి బువ్వ తిని బయలుదేరుతాను. జనంలో ఎక్కువమంది కాటి సీను కోసం వస్తారు. నేను నక్షత్రకుడి కోసం పోతాను.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇస్తానన్న ధనం ఇచ్చేదాకా హరిశ్చంద్రుడి వెంట ఉండమని విశ్వామిత్రుడు పంపిన శిష్యుడే నక్షత్రకుడు. రాజ్యం పోయి, పెళ్లాం బిడ్డలతో అడవి పట్టిన రాజును కాశీ దాకా వదలడు. ఆకలంటాడు, కాళ్లు నొప్పులంటాడు, గడువు దాటిపోతోందంటాడు, తన బత్తెం సంగతి కూడా ఎత్తుతాడు. ఇంత సతాయిస్తూనే, ఇస్తానని అనలేదని ఒక్క మాట అను, నీకు ఏ బాధా ఉండదని దారి కూడా చూపిస్తాడు. నాకు ఈ పాత్ర మీద ప్రేమ పుట్టింది అక్కడే. హరిశ్చంద్రుడి సత్యం ఎంత గట్టిదో మనకు తెలిసేది ఇతను పక్కన ఉండబట్టి.

మా ఊరి నాటక సమాజంలో ఈ వేషం మా చిన్నమామ కట్టేవాడు. వేషాలు కట్టేవాళ్లంతా పొద్దంతా పత్తి చేనులో మందు కొట్టి వచ్చి, రాత్రి బడి వరండాలో హార్మోనియం మాస్టారు ముందు కూర్చునేవాళ్లు. నెలల తరబడి నేర్చుకునేవాళ్లు. రాజు భార్య చంద్రమతి వేషానికి మాత్రం బయటినుంచి ఆర్టిస్టును పిలిపించేది. ఆమెకు నాటకమంతా కంఠతా ఉండేది. వచ్చిన రోజున ఎవరి శ్రుతి ఎంతో చూసుకుని, పద్యాల ఎత్తుగడలు ఒకసారి అనుకుంటే చాలు, రాత్రికి రంగం ఎక్కేది.

నక్షత్రకుడికి హరిశ్చంద్రుడిలా రాగం సాగదీసి చప్పట్లు కొట్టించుకునే అవకాశం తక్కువ. అతని విద్యంతా అడ్డుపడటంలో ఉంది. పద్యం అయిపోయి రాగం పైకి పోతుంటే ఎప్పుడు నోరు విప్పాలో తెలియాలి. ముందే అందుకుంటే పాడేవాడి కష్టం పాడవుతుంది, చప్పట్లు చల్లారాక అందుకుంటే వేడి పోతుంది. మామ హార్మోనియం మెట్ల మీదే చెవి పెట్టుకుని ఉండేవాడు. ఆఖరి స్వరం దిగుతుండగా, ఇంకా జనం చెయ్యి లేవకముందే, డబ్బు సంగతి ఎత్తేవాడు. ఇంకో పని కూడా చేసేవాడు. సీను పొడుగునా రాజు కొడుకు లోహితుడి మొహం చూసేవాడు కాదు. ఆ ధనం కోసం రాజు చంద్రమతిని అమ్మేటప్పుడు మాకు వీపు తిప్పి నిలబడేవాడు. ఎవరూ నేర్పలేదు, పుస్తకంలోనూ లేదు. ఎందుకట్ల నిలబడతడని అడిగితే మా అమ్మమ్మ అన్నది: "గాడు గురువు చెప్పిన పనికొచ్చిండు బిడ్డా. వాని కడుపుల కూడ బాధ ఉండదా?"

మా దిక్కు జనానికి అప్పు సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వడ్డీకి తెచ్చి బోరు వేస్తే నీళ్లు పడక, ఇంకో బోరుకు మళ్లీ తెచ్చినవాళ్లు ముందు వరుసలోనే కూర్చుంటారు. ఒకసారి నడిరాత్రి దాటాక, వారణాసి సీనులో, ఒక పెద్దమనిషి లేచి తువ్వాల దులిపి "ఇగ సాలుర, ఇడిసిపెట్టు ఆయనను" అని గట్టిగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. హార్మోనియం ఆగింది. మామ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, గొంతు తగ్గించి, అడగాల్సిన మాటే మళ్లీ అడిగాడు. అంతకంటే గొప్ప నటన నేను ఏ రంగస్థలం మీదా చూడలేదు.

సూర్యాపేట వైపు ఒకచోట నక్షత్రకుణ్ణి పూర్తిగా హాస్యగాణ్ణి చేసి, ఈఎంఐలంటూ జోకులు పెట్టారు. జనం బాగానే నవ్వారు. కానీ ఆ నవ్వు దిగకముందే చంద్రమతి అమ్మకం వచ్చింది, ఆమె ఏడుపు ఎవరికీ తగల్లేదు. హాస్యం ఈ పాత్రలో ఉంది, కాదనను. కానీ అది ఆకలిలోంచి, అలసటలోంచి రావాలి.

మార్కండేయ పురాణంలో నక్షత్రకుడు లేడు. అక్కడ విశ్వామిత్రుడే వచ్చి ధనం అడుగుతాడు. కన్నడంలో రాఘవాంకుడి కావ్యంలో నక్షత్రకుడు కనిపిస్తాడు, తెలుగులో 15వ శతాబ్దపు గౌరన ద్విపద హరిశ్చంద్రలో ఉన్నాడు. గౌరనది మన రాచకొండ సీమ అంటారు. ఆ గుట్టలు మాకు దగ్గరే కాబట్టి, ఈ పాత్రను మా దగ్గరివాడిగానే అనుకుంటాను.

ఈ నాటకం ఇట్లా చేతులు మారుతూ పెరిగింది. కాటి సీనులో అందరూ వన్స్ మోర్ కొట్టే పద్యాల్లో కొన్ని బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారి శ్మశాన వాటిక ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి ఇందులో పాడారు, జనం ఇక వదల్లేదు. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదనే పద్యం వచ్చినప్పుడు, మా ఊళ్లో వెనక నిలబడి చూసే దళితవాడల జనం నుంచే మొదటి కేక వచ్చేది. కాటి యజమాని వీరబాహుడి కాపలాదారుగా రాజు నిలబడి ఆ మాట పాడుతుంటే అది ఎవరిని తాకాలో వాళ్లను తాకుతుంది. అందుకే ఆ పద్యాలు లేకుండా కాటి సీను వేస్తే నాకు ఒప్పదు.

మీరు కొత్తగా మొదలుపెట్టేటట్లయితే, డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర రికార్డింగులు ముందు వినండి. పద్యం ఎక్కడ ఆగుతుందో, రాగం ఎక్కడ మొదలవుతుందో చెవికి పడుతుంది. కాటి సీను ముక్కలు ఫోన్లో చూసి సరిపెట్టుకోకండి, దాని ముందున్న కష్టమంతా చూడకపోతే ఆ ఏడుపు సగమే అందుతుంది. హైదరాబాద్‌లో ఉంటే రవీంద్రభారతిలో పద్య నాటకాలు ఎప్పుడు వేస్తారో కనుక్కోండి. పల్లెలో అయితే ఇంకా మంచిది. ఒక్కో ఘట్టానికి ఒక్కో హరిశ్చంద్రుడు దిగుతాడు, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు గొంతులు పోల్చుకోవచ్చు. హార్మోనియం వైపు కూర్చోండి. వారణాసి సీనుకు ముందే టీ తాగి వచ్చెయ్యండి. ఆ సీను మధ్యలో మాత్రం లేవకండి.