ప్రెస్ మీట్‌లో ఎవరూ అడగని ప్రశ్న

చిరంజీవికి,

నీ మెయిల్ చదివాను. అమెరికాలో మీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు అసిస్టెంట్ కోచ్ ఒకాయన సీజన్ మధ్యలో ‘వ్యక్తిగత కారణాల’తో వెళ్లిపోయాడు. సోమవారం ప్రెస్ మీట్‌లో గది నిండా రిపోర్టర్లున్నా ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. విద్యార్థి పత్రిక తరఫున వెళ్లిన నువ్వూ నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశావు. ‘వీళ్లంతా పిరికివాళ్లేనా అంకుల్?’ అని అడిగావు. కొందరు అవును. కానీ అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఈ బీట్ (రిపోర్టర్‌కి అప్పగించిన రంగం) నీకు ఎప్పటికీ అర్థం కాదు.

ముందు ఆ మైకు వెనక కూర్చున్న మనిషి ఎవరో చూడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది గవర్నర్ కాదు, స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని ఇంటికి పంపడానికి ఆయనకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. పని చేసినందుకు కాదు, మానేయమన్నందుకు! 2016లో జార్జియా రాష్ట్రం, ప్రభుత్వ కాగితాలు జనం అడిగి తీసుకునే రికార్డుల చట్టాన్ని సవరించింది. అడిగిన కాగితాలపై యూనివర్సిటీ క్రీడా విభాగాలు స్పందించడానికి అంతవరకూ మూడు రోజులున్న గడువును 90 పనిదినాలు చేసింది. అప్పుడే జార్జియా యూనివర్సిటీకి ఫుట్‌బాల్ కోచ్‌గా వచ్చిన కిర్బీ స్మార్ట్ పేరు ఆ చట్టానికి అతుక్కుపోయింది. మన సమాచార హక్కు చట్టంలో గడువు 30 రోజులు. 90 పనిదినాలంటే నాలుగు నెలల పైమాటే. ఆగస్టు ఆఖరులో అర్జీ పెడితే జవాబొచ్చేసరికి రెగ్యులర్ సీజన్ అయిపోతుంది.

అలాంటి మనిషిని బీట్ రిపోర్టర్ వారం వారం కలవాలి. ప్రాక్టీసులు చాలాచోట్ల మూసిన గేట్ల వెనకే జరుగుతాయి. ఎవరికి దెబ్బ తగిలిందో, జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఎవరు దిగుతారో, ఏ ఆటగాడితో మాట్లాడొచ్చో, అన్నీ మీడియా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ ఆఫీసు దయ. మైకు ఎవరికివ్వాలో చూసేదీ ఆ ఆఫీసు మనిషే. ఈ రోజు కోచ్‌ని గుచ్చితే రేపు ఫోన్ ఎత్తేవాడుండడు, పోటీ పత్రికవాడికి మాత్రం వార్త ముందే అందుతుంది. పైగా చందా కట్టే పాఠకులు అభిమానులు. వాళ్లు కోచ్‌ని కాదు, అడిగినవాణ్ణి తిడతారు. టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. బిగ్ టెన్ అనే యూనివర్సిటీల లీగ్ జట్ల ఆటలు చూపించడానికి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ 2022లో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం చేసుకున్నాయి. అంత పెట్టినవాడు తన సరుకును తానే తిట్టుకుంటాడా?

అందుకే ప్రశ్నలు అలా తయారవుతాయి. స్టేడియంలో రిపోర్టర్లు కూర్చునే ప్రెస్ బాక్స్‌లో చప్పట్లు కొట్టకూడదన్న పాత నియమం ఇప్పటికీ ఉంది, దాదాపు అందరూ పాటిస్తారు కూడా. చప్పట్లన్నీ ప్రశ్నల్లోకి దూరాయి, అంతే. ‘కోచ్, ఇవాళ డిఫెన్స్ గురించి చెప్పండి’ అంటారు. హైదరాబాద్‌లో సినిమా ప్రెస్ మీట్లు చూసినదానివి కదా, ‘సార్, ఈ సినిమాలో మీ ఎనర్జీ గురించి చెప్పండి’ అన్నట్టే ఉంటుంది. అందులో ప్రశ్నే లేదు. ఆయన ఏం చెప్పాలనుకుని వచ్చాడో అది చెప్పి వెళ్లిపోతాడు.

దీనికి విరుగుడు గొంతు పెంచడం అనుకుంటున్నావేమో. కాదు. 2018లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జరిగింది వివరంగా చెబుతాను, విను.

అర్బన్ మేయర్ అప్పుడు అక్కడ హెడ్ కోచ్. ఒక అసిస్టెంట్ మీద గృహహింస ఆరోపణలొచ్చి, జులైలో అతన్ని తీసేశారు. మరుసటి రోజు షికాగోలో బిగ్ టెన్ మీడియా సమావేశాల్లో 2015 నాటి ఆరోపణ గురించి అడిగితే, అప్పుడసలు ఏమీ లేదన్నట్టు మాట్లాడాడు మేయర్. బ్రెట్ మెక్‌మర్ఫీ అనే రిపోర్టర్‌ని అంతకుముందు ఏడాదే క్రీడల చానెల్ ఈఎస్‌పీఎన్ తీసేసింది. చేతిలో పత్రిక లేదు, చానెల్ లేదు. ఆగస్టు 1న తన ఫేస్‌బుక్ పేజీలో, మేయర్ భార్యకు ఆ సంగతి 2015లోనే తెలుసని చూపించే మెసేజ్‌లు పెట్టాడు. యూనివర్సిటీ విచారణ వేసింది. మేయర్‌ని మూడు ఆటలకు సస్పెండ్ చేసింది.

ఆగస్టు 22 రాత్రి ప్రెస్ మీట్ పెట్టారు. అందులో ఒకరు అడిగింది ఇంతే: ఆ అసిస్టెంట్ మాజీ భార్యకు మీరు ఏం చెబుతారు? విశేషణం లేదు, ఉపన్యాసం లేదు, ‘మీకు సిగ్గుగా లేదా’ లేదు. మనం ఇలాంటి పరిస్థితిలో ఉన్నందుకు బాధపడుతున్నానని, ఇందులో ఉన్న అందరికీ కలిపి చెప్పాడు మేయర్. ఆమె పేరు కూడా ఎత్తలేదు. దేశమంతా అది చూసింది. రెండు రోజుల తర్వాత ఆమెకు విడిగా క్షమాపణ చెబుతూ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అదే ప్రశ్నను ఎవరైనా తిట్టులా అడిగి ఉంటే, మర్నాడు అందరూ రిపోర్టర్ పొగరు గురించి మాట్లాడుకునేవారు.

ఆ కథలో నీకు పనికొచ్చే పాత్ర ఇంకొకటుంది. అక్కడి విద్యార్థి పత్రిక ‘ది లాంటర్న్’ జులై ఆఖరులోనే, ఆ అసిస్టెంట్ గురించి మేయర్ పంపిన, అందుకున్న మెసేజ్‌లు కావాలని రికార్డుల అర్జీ పెట్టింది. విచారణ నివేదికలో ఆ అర్జీ ప్రస్తావన ఉంది. మెక్‌మర్ఫీ వార్త వచ్చిన రోజున, ఏడాది దాటిన మెసేజ్‌లు ఫోన్‌లో ఉండకుండా సెట్టింగ్ ఎలా మార్చాలన్న మాట మేయర్ దగ్గర వచ్చిందని కూడా అదే నివేదికలో రాశారు. ఫోన్ చూస్తే ఏడాది దాటినవి లేవు. ఎప్పుడు పోయాయో తేలలేదు. ఎంత పెద్ద కోచైనా మైకు ముందు మాటలు మార్చగలడు, కాగితం దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది పడతాడు.

పెన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి విన్నావు కదా. పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణలతో అక్కడి మాజీ అసిస్టెంట్ కోచ్ జెర్రీ సాండస్కీ మీద గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) విచారణ జరుగుతోందని 2011 మార్చిలో మొదట రాసింది హారిస్‌బర్గ్ పత్రిక ‘పేట్రియట్ న్యూస్’లో సారా గానిమ్. ఆమె క్రైమ్ రిపోర్టర్, స్పోర్ట్స్ కాదు. దేశం పెద్దగా పట్టించుకోలేదు. నవంబరులో కేసు పెట్టాక 46 సీజన్ల కోచ్ జో పటర్నో ఉద్యోగం నాలుగైదు రోజుల్లో పోయింది. పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి గానిమ్‌కి 24 ఏళ్లు. పటర్నో రేపు తన ఫోన్ ఎత్తుతాడా లేదా అన్న బెంగ ఆమెకు లేదు. నాకు ఈ కేసులో ముఖ్యంగా కనిపించేది అదే. బేలర్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల లైంగిక దాడుల వ్యవహారాన్ని దేశం ముందుకు తెచ్చినవాళ్లూ కోచ్ బీట్‌వాళ్లు కాదు, కోర్టులో నడుస్తున్న కేసును పట్టుకుని 2015లో ‘టెక్సస్ మంత్లీ’కి రాసిన ఇద్దరు.

నీ పరిస్థితీ అలాంటిదే. నువ్వు ఇరవై ఏళ్లు అక్కడ ఉండవు, కోచ్‌తో నీకు ఆ అవసరం లేదు. 2023 జులైలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ర్యాగింగ్ వివరాలు బయటపెట్టింది అక్కడి విద్యార్థి పత్రిక ‘డెయిలీ నార్త్‌వెస్టర్న్’ పిల్లలే. కోచ్ పాట్ ఫిట్జ్‌జెరాల్డ్‌కి రెండు వారాల సస్పెన్షన్‌తో సరిపెట్టిన యూనివర్సిటీ, వాళ్ల కథనం వచ్చిన రెండు రోజులకు ఆయన్ని తీసేసింది. అయితే రెండో సగం కూడా చదువు. తనకు తెలియదన్నాడాయన, దావా వేశాడు, 2025లో రాజీ కుదిరింది. ఆటగాళ్లెవరూ ఆయనకు ఫిర్యాదు చేసినట్టు ఆధారం తేలలేదని యూనివర్సిటీయే చెప్పింది. అందుకే ‘జరిగింది’ అని రాయడానికీ ‘కోచ్‌కి తెలుసు’ అని రాయడానికీ మధ్య ఎంత దూరముందో రాసేముందు కొలుచుకో.

ఇంకొకటి. 2007లో ఓక్లహోమా స్టేట్ కోచ్ మైక్ గండీ, తన జట్టు కుర్రాణ్ణి విమర్శిస్తూ రాసిన ఒక మహిళా కాలమిస్టు మీద ప్రెస్ మీట్‌లో కేకలేశాడు. ‘నేను మగాణ్ణి, నాకు నలభై ఏళ్లు, నా మీదికి రండి’ అన్న ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ ప్రవర్తన రోతగా ఉంటుంది నాకు. కానీ కాలేజీ కుర్రాణ్ణి వదిలి జీతం తీసుకునేవాణ్ణి అడగండి అన్నంతవరకు ఆయన మాటలో న్యాయముంది. నువ్వూ కుర్రాళ్ల జోలికి పోకు.

ఇక నీ అసిస్టెంట్ కోచ్ సంగతి. మీది స్టేట్ యూనివర్సిటీ కాబట్టి రాజీనామా లేఖ, కాంట్రాక్టు, ఆయనకు డబ్బేమైనా ఇచ్చి పంపితే ఆ ఒప్పందం అడుగు. అడిగినవన్నీ ఇవ్వకపోవచ్చు, ఏ కారణంతో ఇవ్వలేదో కూడా వార్తే. అర్జీ మీద నీ సంతకం కాకుండా మీ ఎడిటర్ సంతకం ఉంటే మేలు. టెనెసీ లాంటి కొన్నిచోట్ల ఆ రాష్ట్ర పౌరులకే రికార్డులిస్తారు. సతాయిస్తే విద్యార్థి పత్రికలకు న్యాయ సలహా ఇచ్చే స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్‌కి ఫోన్ చెయ్యండి, డబ్బు తీసుకోరు. వీసా టెన్షన్ గురించి రాశావు. ఆ విషయంలో ధైర్యం చెప్పే హక్కు నాకు లేదు. పేరు వేసుకోవాలా వద్దా అన్నది నువ్వూ మీ ఎడిటరూ కలిసి తేల్చుకోండి.

కాగితాలొచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోమనడం లేదు. వచ్చే సోమవారం ముందు వరసలో కూర్చుని ‘ఆయన వెళ్తున్న సంగతి మీకు ఏ రోజు తెలిసింది?’ అని అడుగు. ఒక్కటే అడుగు, రెండు కలిపితే ఆయన సులువైనది ఎంచుకుంటాడు. ‘వ్యక్తిగత విషయం, మాట్లాడను’ అంటే అదే రాయి, తేదీతో సహా. మైకు లాగేసుకుంటారు కాబట్టి రెండో ప్రశ్న నీ పక్కనున్న అమ్మాయికో అబ్బాయికో ముందే అప్పజెప్పు. అర్జీ డ్రాఫ్టు శుక్రవారంలోపు పంపించు, చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ అంకుల్