మూరెడు సీటు, పదహారు గంటలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. డల్లాస్ నుంచి అమ్మాయి మీకు టికెట్లు చూస్తోందని మరదలు ఫోన్‌లో చెప్పింది. కొనేలోపే ఇది చదువుతావని రాస్తున్నా.

ధరా లగేజీ అందరూ చూస్తారు. ఏ విమానమో కూడా అడగమను. ఎకానమీ సీటు వెడల్పు ఇంచుమించు ఒక మూర. కానీ పూలమ్మే ఆవిడ మూరకీ మన మూరకీ తేడా లేదూ, ఇదీ అంతే. బోయింగ్ 777లో మొదట్లో చాలా కంపెనీలు వరసకి 9 సీట్లే పెట్టేవి, ఒక్కోటి 18 అంగుళాల పైనే ఉండేది. ఇప్పుడు చాలావాటిలో అదే చోట 10 ఇరికించారు. సీటు 17కి వచ్చింది. ఎయిర్‌బస్ ఏ350లో మామూలుగా 9 సీట్లు, 18 అంగుళాలు. ఒక్క అంగుళమేగా అనకు. దుబాయ్ నుంచి డల్లాస్‌కి దాదాపు 16 గంటలు, ఆ అంగుళం భుజం దగ్గర తెలుస్తుంది.

మొదటిసారి మీ బావకీ నాకూ నాలుగు సీట్ల వరసలో మధ్యవి రెండూ తగిలాయి. అటొకరూ ఇటొకరూ గుర్రుపెట్టి నిద్ర. లేపడానికి మొహమాటపడి నేను నీళ్ళు తాగడమే మానేశాను. దిగేసరికి పాదాలు పూరీల్లా పొంగి చెప్పుల్లో పట్టలేదు. మీ బావైతే పెళ్ళిపీటల మీద కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు!

అందుకని ఒకటి నడవ పక్క సీటు తీసుకోండి, అందులో నువ్వు కూర్చో. ఎయిర్‌బస్ ఏ330 దొరికితే ఇంకా మేలు, కిటికీ వైపు రెండే సీట్లు, మూడో మనిషి ఉండడు. 777లోనూ తోక దగ్గర చివరి వరసల్లో చాలావాటికి అలాగే రెండుంటాయి, కాకపోతే బాత్రూమ్ దగ్గర. ముందు గోడకి ఎదురు సీట్లంటే జనం ఎగబడతారు గానీ, వాటికి తిండి బల్ల చేతిపిడిలోనే ఉంటుంది. పిడి పైకి లేవదు, నాలాంటి ఒళ్ళున్నవాళ్ళకి ఇరుకు. నడవ వైపు పిడి మాత్రం చాలా సీట్లకి లేస్తుంది, అడుగున వెనకవైపు చిన్న బటన్ ఉంటుంది, వేలితో తడుము.

గంటా రెండు గంటలకోసారి లేచి నడువు. నీకు కాలి నరాలు ఉబ్బుతాయిగా, బిగుతు సాక్సుల సంగతి డాక్టర్ని ముందే అడుగు.

గోంగూర పచ్చడి పెద్ద పెట్టెలోనే పెట్టమను. మరదలు చేతిసంచీలో పెట్టిందంటే సెక్యూరిటీ వాళ్ళు తీయించేస్తారు. తీయించకపోయినా నీ కాళ్ళకే అక్కడ చోటుండదురా.

మీ అక్క