‘నువ్వు వేరులే’ అన్న స్నేహితుడు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను జర్మనీలో, డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. నా ల్యాబ్ పార్ట్‌నర్ చాలా మంచివాడు. భాష రాని రోజుల్లో నాతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇద్దరికీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అంటే పిచ్చి. అతని ల్యాప్‌టాప్ మీద ఒక నల్ల స్టిక్కర్ ఉంది. పసుపు వలయం, మధ్యలో లామ్డా అనే గ్రీకు అక్షరం. మేం వేవ్‌లెంగ్త్‌కి వాడే గుర్తే కదా అనుకున్నాను. మొన్న అడిగితే అది స్పార్టా వీరుల డాలు మీది గుర్తన్నాడు. యూరప్ ఒక కోట అనీ, దాన్ని లోపలినుంచే కూలుస్తున్నారనీ, ఏ జాతి దాని నేలమీద ఉంటేనే అన్ని సంస్కృతులూ బతుకుతాయనీ చెప్పాడు. ‘మరి నేనో?’ అంటే ‘నువ్వు వేరులే’ అన్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. సినిమాలకీ పాత యుద్ధాలకీ ఈ రాజకీయాలకీ ఏమిటి సంబంధం? అతనితో స్నేహం మానేయాలా?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఆ మాట నేనూ విన్నాను. అనువాదాలు చేసుకుంటూ రోమ్‌లో పదకొండేళ్లు ఉన్నాను. మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకు జ్వరం వస్తే సూప్ కాచి తెచ్చిన మనిషి. వలస వచ్చినవాళ్ల మాట ఎత్తితే మాత్రం ‘వరద’, ‘ముట్టడి’ అనేవాడు. నేనూ అలా వచ్చినదాన్నే కదా అంటే, ‘మీరు వేరు సిన్యోరా’ అనేవాడు. ఆయన భార్యని చూసుకునే నర్సు పరాయి దేశస్థురాలు. ఆవిడా వేరే. కింద కూరగాయలమ్మే అబ్బాయీ వేరే. తనకి తెలిసిన ప్రతి మనిషీ వేరు, ముఖం తెలియనివాళ్లంతా వరద. ఆ లెక్క నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఆయన అలమరలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ పుస్తకాలు వరసగా ఉండేవి. 1977లో, కుర్రాడిగా ఉన్నప్పుడు, ‘కాంపో హాబిట్’కి వెళ్లానని గర్వంగా చెప్పుకునేవాడు. దక్షిణ ఇటలీలో మోంతెసార్కియో అనే చోట, ముస్సోలినీ వారసులుగా చెప్పుకునే ఎమ్మెస్సై పార్టీ యువకులు గుడారాలు వేసుకుని, పాటలు పాడుకుంటూ జరుపుకున్న శిబిరం అది. హాబిట్‌లంటే టోల్కీన్ కథలోని పొట్టి మనుషులు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక పాత యూనిఫాం, పాత నినాదాలు జనంలో చెల్లలేదు. కుర్రాళ్లకి కొత్త ఊహాలోకం కావలసి వచ్చింది. పచ్చటి చిన్న ఊరు, తాతల నాటి కత్తి, తూర్పునుంచి కమ్ముకొచ్చే చీకటి సేన. ఇవన్నీ టోల్కీన్ కథలో దొరికాయి. ఆ పాయలోనే పెరిగిన జార్జియా మెలోనీ 2022లో ఇటలీ ప్రధాని అయింది. 2023 నవంబరులో రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో టోల్కీన్ ప్రదర్శన మొదలైతే స్వయంగా వెళ్లింది.

దీని వెనక ఆలోచన కూడా ఉంది. ఫ్రాన్స్‌లో 1968లో గ్రెస్ అనే మితవాద (రైట్ వింగ్) సంస్థ పుట్టింది. దాని ముఖ్య మేధావి అలాన్ ద బెన్వా. ముందు జనం ఊహల్ని, మాటల్ని గెలవాలి, ఓట్లు ఆ తర్వాత వస్తాయన్నది వాళ్ల సూత్రం. ఈ పాఠం వాళ్లు నేర్చుకున్నది ఇటలీ కమ్యూనిస్టు గ్రాంషీ దగ్గర. ఆయన్ని ముస్సోలినీ 1926లో జైల్లో వేయించాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక నువ్వు చూసిన లామ్డా. స్పార్టావాళ్ల దేశం లాకెడైమోన్, దాని మొదటి అక్షరం అది. ‘300’ సినిమాతో అందరికీ తెలిసింది. ఫ్రాన్స్‌లో ‘జెనరేషన్ ఐడెంటిటీ’ అనే వలస వ్యతిరేక గుంపు పసుపు వలయంలో పెట్టి దాన్ని తమ జెండా చేసుకుంది. 2012 అక్టోబరులో ఈ గుంపు కుర్రాళ్లు పొవాత్యేలో కడుతున్న మసీదు పైకప్పెక్కి 732 అని రాసిన బ్యానర్ కట్టారు. ఆ ఊరి దగ్గర అరబ్బు సేనని చార్లెస్ మార్టెల్ ఓడించిన సంవత్సరం అది. 2021లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ సంస్థని రద్దు చేసింది. క్రీ.పూ. 480లో స్పార్టా వీరులు పర్షియా సేనని ఎదిరించిన థర్మోపిలే, 732, టర్కీ సేన వియన్నాని ముట్టడించిన 1683, నేడు పడవ దిగిన కుటుంబం, వాళ్లకి ఇవన్నీ ఒకే యుద్ధం. మధ్యలో గడిచిన వందల ఏళ్ల వ్యాపారం, పెళ్లిళ్లు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న గణితమూ వైద్యమూ ఆ కథలో ఉండవు.

ఉంటే కథ నిలవదు. థర్మోపిలే యుద్ధం జరిగిన ఏడాదే థీబ్స్‌లాంటి గ్రీకు నగరాలు పర్షియా వైపు చేరాయి. తర్వాతి తరాల్లో స్పార్టాయే పర్షియా బంగారం తీసుకుని సాటి గ్రీకుల ఏథెన్స్‌ని ఓడించింది. టోల్కీన్ సంగతీ అంతే. 1938లో ఒక జర్మన్ ప్రచురణ సంస్థ ‘మీరు ఆర్యులేనా?’ అని అడిగితే ఆయనకి ఒళ్లు మండింది. యూదుల్లాంటి ప్రతిభావంతులైన జనం తన పూర్వీకుల్లో లేనందుకు విచారిస్తున్నానని జవాబు చిత్తుప్రతిలో రాశాడు. 2019 ఎన్నికల రోజున స్పెయిన్‌లో వాక్స్ అనే తీవ్ర మితవాద పార్టీ, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వీరుడు అరగోర్న్ బొమ్మని ప్రచారానికి వాడుకుంటే, ఆ పాత్ర వేసిన విగో మోర్టెన్సన్ పత్రికకి ఉత్తరం రాసి ఖండించాడు.

‘ఏ జాతి దాని నేలమీద’ అన్న మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. దాని పేరు ఎత్నోప్లూరలిజం. ఎవరూ తక్కువ కాదంటుంది, కానీ ఆచరణలో వలస వచ్చినవాళ్లంతా వెనక్కి వెళ్లాలంటుంది. ఆ వెళ్లగొట్టడానికే ఇప్పుడు ‘రీమైగ్రేషన్’ అని పేరు. 2025 జనవరిలో, నీకు దగ్గర్లోని రీసాలో జరిగిన జర్మనీ తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ మహాసభలో, దాని నాయకురాలు ఆలిస్ వైడెల్ ఆ మాటని వేదికమీదే వాడింది. మరుసటి నెల ఎన్నికల్లో ఆ పార్టీకి 20.8 శాతం ఓట్లు వచ్చాయి. వలసలు తగ్గించాలనే ప్రతివాడూ తీవ్ర మితవాది కాడు, అది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. కానీ ముట్టడి కథని నిజమని నమ్మినవాడికి తుపాకీ కూడా ఆత్మరక్షణలాగే కనిపిస్తుంది. యూరప్ జనం స్థానంలోకి వలస జనం వచ్చేస్తున్నారంటూ ఫ్రెంచి రచయిత రెనో కామ్యూ 2011లో ‘మహా స్థానభ్రంశం’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు తన ప్రకటనకి అదే పేరు పెట్టుకున్నాడు.

స్నేహం మానేయమని నేను చెప్పను. నీకోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి అతను, అదీ నిజమే. ముందు ఒక సంగతి తేల్చుకో. అతను ఆ గుంపుతో తిరుగుతున్నాడా, లేక గుర్తు నచ్చి అంటించుకున్నాడా? సూటిగా అడుగు. తర్వాత, ‘నన్ను చూశావు కాబట్టి వేరు అంటున్నావు. రేపు మా చెల్లెలు చదువుకోవడానికి వస్తే, నువ్వు ఇంకా చూడని ఆ పిల్ల వరదలో భాగమా?’ అని అడుగు. మా పెద్దాయన్ని నేను ఈ ప్రశ్న అడగలేదు. సూప్ గిన్నె కడిగి ఇచ్చేసి ఊరుకున్నాను. అతను ఆలోచనలో పడితే మాట్లాడుతూనే ఉండు. తమ సమావేశాలకి రమ్మంటే మాత్రం వెళ్లకు. ఎప్పుడైనా భయం వేసిందా, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగం ఉంటుంది. ఆ రోజే వెళ్లి చెప్పు, మర్నాటికి వాయిదా వేయకు.