దేవుణ్ణి ‘దేవులాడిన’ అంటే తప్పా?

సందేహం: మా చర్చిలో సాక్ష్యం (దేవుణ్ణి ఎట్లా నమ్ముకున్ననో ఆ అనుభవం) చెబుతూ “ఎన్నో ఏండ్లు దేవుణ్ణి దేవులాడిన, ఆఖరుకు దొరికిండు” అన్నాను. పట్నం నుంచి వచ్చిన మా బావ “దేవులాడుడేంది, పోయిన తాళంచెవా? ‘వెదకితిని’ అనాలె” అని దిద్దాడు. పక్కింటి అక్కేమో దేవుడు నుంచే దేవులాడు పుట్టిందంటుంది. ఏది నిజం? మారుమనస్సుకు బదులు పశ్చాత్తాపం అనొచ్చా?
(దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ మాటలో తప్పు లేదమ్మా. ముందు అక్కగారి ఊహ సంగతి. వినడానికి ముచ్చటగా ఉంది గానీ, ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. సంస్కృత ‘దేవ’ శబ్దానికి మన డుప్రత్యయం చేరితే దేవుడు. దేవులాడులోని ‘దేవు’ అచ్చతెలుగు క్రియ. లోపల చెయ్యో కర్రో పెట్టి కలియబెట్టడం. ‘కడుపులో దేవినట్టుంది’ అంటాం చూడండి, ఆ దేవడమే ఇది. దానికి ‘ఆడు’ చేరితే ఒక్కసారితో తెమలని పని అవుతుంది. వెతుకులాడు, తడుములాడు కూడా ఆ తీరువే.

మా నల్లగొండ దిక్కు చేదతాడు తెగి బొక్కెన బావిలో పడితే మా నాయిన గాలం వేసి దేవులాడేవాడు. కింద ఏమీ కనబడదు. రాయి తగులుతుంది, బురద తగులుతుంది, తాడు మళ్లీ వదులుతాడు. ఒక్కోసారి పొద్దు వాలేది. కొక్కెం పడిందంటే మాత్రం తాడు బరువెక్కి, గట్టు మీదున్న చేతికి ముందు తెలిసేది. మీరు ఎన్నో ఏండ్లు అన్నారు కదా, ఆ ఏండ్ల బరువు ‘వెదకితిని’లో నాకు వినబడదు.

బావగారికి చూపించడానికి ఒక ఆధారం కూడా ఉంది. ఏథెన్సులో యేసు సువార్త ప్రకటించిన పౌలు చేసిన ప్రసంగం, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం, తెలుగు బైబిలులో తీయండి. మనుషులు దేవుణ్ణి ‘తడవులాడి’ కనుగొనడం గురించి అక్కడుంది. గ్రీకు మూలంలోనూ చేత్తో తడిమి చూడడాన్ని చెప్పే క్రియే వాడారు. అనువాదకులు తడవులాడి అని రాయగా లేనిది, మీరు దేవులాడిన అంటే మోటవుతుందా?

నన్ను ఇంకా ఎక్కువ ఆపింది మీ రెండో మాట, ‘దొరికిండు’. తెలుగులో వెతికేవాడు కర్త. కానీ దొరకడం దగ్గరికి వచ్చేసరికి కర్తృత్వం అవతలికి పోతుంది. ‘నాకు’ దేవుడు దొరికాడు. నేను చేసిన పనిగా చెప్పనివ్వదు మన వ్యాకరణం. పైగా దొరకడమంటే చిక్కడం కూడా, దొంగ దొరికాడన్నట్టు. లూకా సువార్త 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. పొట్టివాడు, యేసును చూడాలని మేడిచెట్టెక్కాడు. చెట్టు కిందికొచ్చిన యేసు తల ఎత్తి, పేరు పెట్టి పిలిచి, ఇవాళ నీ ఇంట్లోనే ఉండాలి, దిగిరా అన్నాడు. చూడబోయినవాడే దొరికిపోయాడు! ఆ కథ చివర, నశించినదానిని వెదకి రక్షించడానికి వచ్చానంటాడు యేసు. వెదకడం అనే క్రియకు కర్త మారిపోయింది.

దిగివచ్చిన జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మారుమనస్సు అంటే ఏమిటో ఆ లెక్కలో కనబడుతుంది. మారుపేరు, మారువేషం వంటి మాటలు గుర్తొచ్చి ఇదీ పైపూత అనుకోవద్దు. మారుమనువులోలాగా ఇక్కడ ‘మారు’ అంటే మరొకటి, కొత్తది. గ్రీకు ‘మెటనోయా’ మనసు మారడమే. మలయాళంలో మానసాంతరం అంటారు.

పశ్చాత్తాపం వేరు. పశ్చాత్ అంటే తరవాత, తాపం అంటే మంట. చేసిన పనికి తరవాత లోపల రగిలే బాధ అది. మత్తయి సువార్త 27లో, యేసును ముప్పై వెండి నాణేలకు పట్టించిన శిష్యుడు యూదా వాటిని తిరిగి తెచ్చినప్పుడు తెలుగు బైబిలు ‘పశ్చాత్తాపపడి’ అనే రాసింది. గ్రీకులోనూ అక్కడ మాట వేరే. యూదాకు బాధ ఉంది, కొత్త దారి దొరకలేదు. కాబట్టి ఒకదాని బదులు ఒకటి వాడకండి. పశ్చాత్తాపం పడతాం, మారుమనస్సు పొందుతాం. సాక్ష్యాలలో అప్పుడప్పుడు ‘పశ్చాత్తాపం పొందాను’ అని వినబడుతుంది; బావగారు దిద్దాల్సింది దాన్ని.