బెజవాడ ఎండ తట్టుకున్నవాళ్లం, థాయ్‌లాండ్‌లో ఎందుకు నీరసపడతాం?

"రోహిణి కార్తెలో 44 డిగ్రీల్లో బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం, బ్యాంకాక్‌లో 34 డిగ్రీలు ఒక లెక్కా?" అని అడిగారు. లెక్కేనండీ. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, ఆ చెమట ఆరినందుకు. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. ఇక్కడ వడగాడ్పులో చొక్కా ఇట్టే ఆరుతుంది, అక్కడ వీపుకి అతుక్కునే ఉంటుంది.

వదులైన పల్చటి బట్టలు వేసుకోండి. ఓఆర్ఎస్ ఇక్కడే కొనుక్కెళ్లండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి, అందాజాగా సగం సగం వద్దు. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడే పెద్దవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి.

ఇక అక్కడి దూరప్రాంత బస్సుల సంగతి. బ్యాంకాక్ మోచిత్ బస్టాండు నుంచి ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ నగరం దాదాపు 700 కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం. అసలు ఇబ్బంది లోపలి ఏసీతోనే. తడిసిన చొక్కాతో ఎక్కితే తెల్లవార్లూ వణుకే. బస్టాండులోనే మొహం కడుక్కుని పొడి చొక్కా మార్చుకోండి. శాలువా, సాక్సులు చేతిసంచిలో ఉండాలి, డిక్కీలో కాదు. టాయిలెట్ భయంతో మన ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, దయచేసి అలా చేయొద్దు. అక్కడి దూరప్రాంత బస్సుల్లో చాలావాటికి టాయిలెట్ ఉంటుంది.

ఎండలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ అంబులెన్స్ పిలవండి. థాయ్‌లాండ్‌లో నంబరు 1669.